ముందు ప్యానెల్ లేని రిపీటరుకు ప్రోగ్రాం ఎక్కించడం

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా. ర్యాకులో బిగించే పాత యూహెచ్ఎఫ్ రిపీటరు (ఒక ఫ్రీక్వెన్సీ మీద విన్న గొంతును మరో ఫ్రీక్వెన్సీ మీద బలంగా తిరిగి పంపే రేడియో) ఒకటి మీ చేతికి వచ్చింది. దాని ముందు ఉండాల్సిన కంట్రోల్ ప్యానెల్‌ను ఎవరో ఊడదీసి పట్టుకుపోయారు. ఆ స్థానంలో ఒక రిబ్బన్ కేబుల్ వేలాడుతోంది. కరెంటు ఇస్తే ఫ్యాను తిరుగుతోంది, అంతకు మించి ఏ అలికిడీ లేదు. మీటలూ తెరా లేకుండా దీనికి కొత్త ఫ్రీక్వెన్సీలు ఎక్కించవచ్చా, లేక ముందు ప్యానెల్‌ను వెతికి కొనాలా అని అడిగారు.

ప్యానెల్ ఇప్పుడే కొనకండి. వాణిజ్య అవసరాలకు తయారైన రిపీటర్లలో చాలావాటికి ప్యానెల్‌తో ప్రోగ్రామింగ్‌కు సంబంధమే ఉండదు. ఫ్రీక్వెన్సీలు కంప్యూటర్ నుంచే ఎక్కుతాయి. ఏ ఛానెల్ మీద ఉందో చూడటానికి, స్పీకరులో వినడానికి, అవసరమైతే ప్రసారం ఆపడానికి మాత్రమే టెక్నీషియన్‌కు ప్యానెల్ కావాలి. మొటొరోలా క్వాంటార్ అనే రిపీటరులో మీటలు నొక్కి ఫ్రీక్వెన్సీ మార్చే ఏర్పాటే లేదు. సీరియల్ పోర్టుకు కంప్యూటర్ కలిపి సాఫ్ట్‌వేర్‌తోనే అంతా చేయాలి. అదే సంస్థ మోటోట్రబో ఎక్స్‌పీఆర్ 8300 రిపీటరు ముఖాన కొన్ని దీపాలు తప్ప ఏమీ కనిపించవు. కాబట్టి ప్యానెల్ పోయిందన్న బెంగ పక్కన పెట్టి, మీ పెట్టెలో మెదడు, అంటే సెట్టును నడిపించే ప్రాసెసరూ మెమరీ, ఎక్కడుందో ముందు తేల్చుకోండి. తర్వాత చేయాల్సిన ప్రతి పనీ ఆ జవాబును బట్టే ఉంటుంది.

మూత విప్పి చూడండి. ప్రధాన బోర్డు మీద ఎక్కువ కాళ్ళున్న ప్రాసెసర్, దాని పక్కన చిన్న క్రిస్టల్, దగ్గర్లోనే ఎనిమిది కాళ్ళ మెమరీ చిప్పు, అంటే 24సీ లేదా 93సీ తో మొదలయ్యే అంకె ఉన్నది, కనిపిస్తే మెదడు లోపలే ఉన్నట్టు. మీ పని చాలావరకు సులువైంది. రిబ్బన్ కేబుల్ కూడా కొంత చెబుతుంది. అందులో ఇరవై దాకా తీగలుంటే ప్యానెల్‌లో మీటలూ దీపాలూ మాత్రమే ఉండి, ఒక్కొక్క దానికి ఒక్కో తీగ వచ్చి ఉంటుంది. ఆరో ఎనిమిదో తీగలు మాత్రమే ఉంటే ప్యానెల్‌లో కూడా ఒక చిన్న ప్రాసెసర్ ఉండి, రెండూ సీరియల్ డేటాతో మాట్లాడుకుంటున్నట్టు. ఈ రెండో రకంలో కొన్ని సెట్లు ప్యానెల్ నుంచి జవాబు రాకపోతే సగంలో ఆగిపోతాయి, కొన్ని పట్టించుకోకుండా నడిచిపోతాయి. తీగల లెక్క ఒక ఆధారం మాత్రమే, దాని మీదే తీర్పు ఇచ్చేయకండి.

మూడో రకం కూడా ఉంది, మెదడు మొత్తం ప్యానెల్ వెనక బోర్డులోనే ఉండటం. వాహనాల్లో బిగించే మొబైల్ రేడియోల నుంచి పుట్టిన రిపీటర్లలో ఇది ఎదురవుతుంది. అలాంటి పెట్టెల గురించి ఇంకో మాట. మొటొరోలా జీఆర్300 వంటివాటిలో రెండు మామూలు మొబైల్ రేడియోలు పక్కపక్కనే కూర్చుని ఉంటాయి, ఒకటి వినడానికి, ఒకటి పంపడానికి. అక్కడ రిపీటరుకు ప్రోగ్రాం ఎక్కించడమంటే రెండు రేడియోలకు విడివిడిగా ఎక్కించడమే.

ఇక 1970ల నాటి జీఈ మాస్టర్ 2, మొటొరోలా మైకోర్ లాంటి సెట్టు అయితే వెతకడానికి ప్రోగ్రామే లేదు. ఫ్రీక్వెన్సీని నిర్ణయించేది లోపల దిగగొట్టిన క్రిస్టల్ మాడ్యూలు. కొత్త క్రిస్టల్ కోయించి, ట్యూనింగ్ స్క్రూలు తిప్పుకోవాలి. వాటి తర్వాతి తరంలో కొన్ని ఫ్రీక్వెన్సీ సమాచారాన్ని కిటికీ ఉన్న ఈప్రామ్ చిప్పులో దాచుకునేవి. అతినీలలోహిత కాంతితో చెరిపి, ప్రోగ్రామరుతో మళ్ళీ రాయాలి.

మీరు చెప్పిన లక్షణాలను బట్టి, అంటే ఫ్యాను తిరిగి మిగతాది నిద్రపోవడాన్ని బట్టి, నాకు మొదట అనుమానం వచ్చేది పవర్ మీట మీదే. చాలా సెట్లలో ప్యానెల్ మీది ఆన్ మీట నేరుగా కరెంటును కోయదు. ప్రధాన బోర్డుకు ఒక సన్నని సంకేత తీగ ద్వారా మేలుకోమని చెబుతుంది. ప్యానెల్ లేకపోతే ఆ మాట చెప్పేవారు లేక సెట్టు ఎదురుచూస్తూ ఉంటుంది. ఆ తీగను గుర్తించి సరైన స్థితిలో ఉంచితే సెట్టు లేస్తుంది.

అందుకు సర్వీస్ మాన్యువల్ కావాలి. అందులో కనెక్టర్ పిన్నుల పట్టిక ఒక్క పేజీ ఉంటుంది, మీకు నిజంగా కావలసింది అదే. మోడల్ లేబుల్ మీద అక్షరాలు, అంకెలు పూర్తిగా రాసుకుని వెతకండి. వాటిలో కొన్ని అక్షరాలు బ్యాండును (సెట్టు పనిచేసే ఫ్రీక్వెన్సీల పరిధిని), పవరును చెబుతాయి కాబట్టి దేన్నీ వదిలేయకండి. మాన్యువల్ దొరికితే కింది పేరా మీకు అక్కరలేదు.

దొరకకపోతే ఓపికగా కొలవాలి. సెట్టు ఆపి, రిబ్బన్ కనెక్టర్‌లో ప్రతి పిన్నుకూ గ్రౌండుకూ (సెట్టు లోహపు శరీరానికీ) మధ్య నిరోధం కొలిచి కాగితం మీద రాయండి. సున్నా చూపేవి గ్రౌండ్ తీగలు. తర్వాత సెట్టుకు కరెంటిచ్చి ప్రతి పిన్ను మీద వోల్టేజి రాయండి. 5 లేదా 3.3 వోల్టులు చూపే పిన్నులు ప్రధానంగా రెండు రకాలు, సరఫరా తీగలు, ఇన్‌పుట్ తీగలు. వీటిని విడదీయడానికి 4.7 కిలోఓముల రెసిస్టరును ఆ పిన్నుకూ గ్రౌండుకూ మధ్య తాకించండి. వోల్టేజి కదలకపోతే అది సరఫరా తీగ లేదా బోర్డే నడిపే అవుట్‌పుట్ తీగ, దాని జోలికి వెళ్ళకండి. గణనీయంగా పడిపోతే అది లోపల పుల్-అప్ రెసిస్టరు (తీగను పై వోల్టేజి వైపు లాగి ఉంచేది) ఉన్న ఇన్‌పుట్. లోపల 10 కిలోఓములు ఉన్నాయనుకుంటే 5 వోల్టులు 1.6 దగ్గరికి దిగుతాయి. ఇలా దొరికిన ఇన్‌పుట్‌లను ఒక్కొక్కటిగా 1 కిలోఓము ద్వారా గ్రౌండుకు తాకించి సెట్టు లేస్తుందేమో చూడండి. నేరుగా తీగతో షార్టు చేయవద్దు. పొరపాటున అది అవుట్‌పుట్ తీగ అయినా రెసిస్టరు ఉంటే చిప్పు బతుకుతుంది. కొన్ని సెట్లకు ఒక్కసారి తాకించి వదిలితే చాలు, కొన్నింటికి అలాగే పట్టి ఉంచాలి. పిన్ను మీద 12 వోల్టులకు పైగా కనిపిస్తే ఈ ఆటలో దాన్ని చేర్చకండి.

ఈ తాకింపుల్లో ఏదో ఒకటి ప్రసారాన్ని మొదలుపెట్టే తీగ కూడా కావచ్చు. అందుకే ఇదంతా మొదలుపెట్టక ముందే యాంటెన్నా కనెక్టర్‌కు డమ్మీ లోడ్ (యాంటెన్నా బదులు ప్రసార శక్తిని వేడిగా మింగేసే రెసిస్టరు) బిగించి ఉండాలి. పవర్ సప్లైలో కరెంటు పరిమితి పెట్టుకునే వీలుంటే 2 ఆంపియర్ల దగ్గర పెట్టండి. 50 వాట్ల ట్రాన్స్‌మిటర్ పూర్తిగా లేస్తే 13.8 వోల్టుల దగ్గర 10 ఆంపియర్లు లేదా ఆ పైన లాగుతుంది కాబట్టి, పొరపాటున లేచినా సప్లై దాన్ని ఆపుతుంది. అన్ని స్టేషన్లూ 13.8 వోల్టులవే అనుకోకండి, 28 వోల్టులతో నడిచేవీ ఉన్నాయి.

సెట్టు లేచిందనుకుందాం. ఇప్పుడు కేబుల్. ఈ విషయంలో జనం పోగొట్టుకునే సమయం మిగతా అన్నింటికన్నా ఎక్కువ, కారణం చాలా చిన్నది. కనెక్టర్ అతికినంత మాత్రాన సంకేతాలు సరిపోవు. కంప్యూటర్ సీరియల్ పోర్టు ఆర్ఎస్-232 పద్ధతిలో మాట్లాడుతుంది. అందులో 1 అంటే మైనస్ 3 నుంచి మైనస్ 15 వోల్టులు, 0 అంటే ప్లస్ 3 నుంచి ప్లస్ 15. రేడియో లోపలి ప్రాసెసర్ 0, 5 వోల్టుల టీటీఎల్ పద్ధతిలో, కొత్తవైతే 0, 3.3 వోల్టులతో మాట్లాడుతుంది, పైగా తలకిందులుగా. ఒకదాన్ని మరోదానికి నేరుగా కలిపితే చెవిటివాడి ముందు శంఖం ఊదినట్లే, ఒక్కోసారి ఆ చెవి కూడా కాలిపోతుంది.

ఏ పద్ధతో తెలుసుకోవడం మాత్రం సులువు. ఏమీ పంపకుండా ఖాళీగా ఉన్నప్పుడు రిపీటరు డేటా పంపే పిన్ను మీద మల్టీమీటరు పెట్టండి. మైనస్ వోల్టులు చూపితే ఆర్ఎస్-232, మామూలు సీరియల్ కేబుల్ చాలు. ప్లస్ 5 లేదా 3.3 చూపితే టీటీఎల్, మధ్యలో స్థాయి మార్చే సర్క్యూటు కావాలి, లేదా ఆ స్థాయిలోనే పనిచేసే యూఎస్‌బీ సీరియల్ అడాప్టరు కావాలి. పాత మొటొరోలా రేడియోలకు రిబ్ అనే పేరుతో అమ్మిన చిన్న పెట్టె చేసేది ప్రధానంగా ఈ స్థాయి మార్పిడే. కొన్ని రేడియోల్లో పంపడానికీ వినడానికీ ఒకే తీగ ఉంటుంది. వాటికి ఆ సంస్థ పద్ధతి ప్రకారం కట్టిన ఇంటర్‌ఫేసు తప్ప మామూలు అడాప్టరు పనికిరాదు.

మీ విషయంలో ఇంకో చిక్కు ఉండవచ్చు. చాలా సెట్లలో ప్రోగ్రామింగ్ కేబుల్ తగిలించేది ప్యానెల్ మీది మైకు జాక్‌కే. ప్యానెల్ పోతే జాక్ కూడా పోయింది. అయితే ఆ జాక్ నుంచి డేటా తీగలు రిబ్బన్ ద్వారానే లోపలి బోర్డుకు వెళ్తాయి కాబట్టి అవి ఇప్పటికీ మీ చేతిలోనే ఉన్నాయి. మాన్యువల్‌లో మైకు జాక్ పిన్నుల నుంచి రిబ్బన్ పిన్నుల దాకా గీత పట్టుకుని వెళ్ళండి. అదే రకం కనెక్టర్ కొని, డేటా, గ్రౌండ్ తీగలను సోల్డర్ చేసి బయటికి తెచ్చుకుంటే చాలు. రిబ్బన్ తీగలను మధ్యలో కోసి అతుకులు వేయడం నాకు నచ్చదు. రేపు ప్యానెల్ దొరికినా పెట్టుకునే దారి మూసుకుపోతుంది. వెనక వైపు డీబీ-9, డీబీ-15, డీబీ-25 పోర్టులుంటే వాటినీ చూడండి, కొన్ని తయారీల్లో ప్రోగ్రామింగ్ పిన్నులు అక్కడికి కూడా తెచ్చి ఉంచుతారు.

రిపీటరును అనుమానించే ముందు కంప్యూటర్ వైపు శుభ్రంగా ఉందో లేదో చూడండి. డీబీ-9 కనెక్టర్‌లో 2, 3 పిన్నులను కలిపి, ఏదైనా టెర్మినల్ ప్రోగ్రాంలో అక్షరాలు కొట్టండి. కొట్టినవి తెర మీద తిరిగి వస్తే పోర్టూ డ్రైవరూ సరిగా ఉన్నట్టు. రాకపోతే రిపీటరుతో పోరాడి లాభం లేదు. యూఎస్‌బీ సీరియల్ అడాప్టర్లలో ఉండే ప్రొలిఫిక్ చిప్పుకు నకళ్ళు మార్కెట్లో చాలా ఉన్నాయి, కొత్త డ్రైవర్లు వాటిని గుర్తించి పనిచేయనివ్వవు. నేను ఎఫ్‌టీడీఐ చిప్పు ఉన్న అడాప్టర్లే వాడతాను. సాఫ్ట్‌వేర్ డాస్ కాలం నాటిదైతే యూఎస్‌బీ అడాప్టరును మరిచిపోండి. అవి సీరియల్ పోర్టు చిప్పుతో నేరుగా మాట్లాడతాయి, కొన్ని ప్రాసెసర్ వేగాన్ని బట్టి సమయం లెక్కపెట్టుకుంటాయి కూడా. వాటికి నిజమైన సీరియల్ పోర్టు ఉన్న పాత, నెమ్మది కంప్యూటరే గతి. దాన్ని పారేయకుండా దాచుకున్నవాళ్ళను ఇంట్లో వాళ్ళు ఏమన్నా నేను మాత్రం మెచ్చుకుంటాను.

కేబుల్ పలికిందా? అప్పుడు మొదటి పని చదవడం. రాయడం కాదు. సెట్టులో ఉన్నది చదివి, ఆ ఫైలును మార్పు లేకుండా రెండు చోట్ల దాచండి. ఆ ఫైలులో మోడల్, బ్యాండు, సాఫ్ట్‌వేర్ వెర్షన్ కనిపిస్తాయి, వాటిని లేబుల్‌తో పోల్చండి. లేబుల్ ఒక బ్యాండు, లోపలి బోర్డు మరో బ్యాండు ఉన్న సెట్లు పాత సామానులో దొరుకుతూనే ఉంటాయి. కొన్ని సంస్థల సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్‌తో చదివి రాస్తే ఫైలును కొత్త రూపంలోకి మార్చేస్తుంది, ఆ తర్వాత పాత వెర్షన్ దాన్ని తెరవదు. రెండు వెర్షన్లు దొరికితే సెట్టు వయసుకు దగ్గరగా ఉన్నదానితో మొదలుపెట్టండి.

అదే మోడల్ ఉన్న మరొకరి దగ్గర ఫైలు తెచ్చి ఎక్కించేస్తే పని అయిపోతుంది కదా అని చాలామంది సలహా ఇస్తారు. ఇది ప్రమాదకరమైన సలహా. రిపీటరు మెమరీలో ఛానెళ్ళతో పాటు ఆ ఒక్క సెట్టుకు మాత్రమే చెందిన అలైన్‌మెంట్ విలువలు ఉంటాయి, అంటే పవర్ స్థాయిలు, డీవియేషన్ (గొంతుకు ఫ్రీక్వెన్సీ ఎంత ఊగుతుందో ఆ కొలత), స్క్వెల్చ్ (సంకేతం లేనప్పుడు రొదను మూసేసే సర్క్యూటు) తెరుచుకునే స్థాయి, రిఫరెన్స్ ఆసిలేటర్ (సెట్టులోని ఫ్రీక్వెన్సీలన్నింటికీ ఆధారం) సవరణ. ఫ్యాక్టరీలో కొలిచి రాసినవవి. సాఫ్ట్‌వేర్ వాటిని విడిగా ఉంచేదైతే ఫర్వాలేదు. మెమరీని మొత్తం అచ్చంగా దించి ఎక్కించే పద్ధతిలో మాత్రం వేరే సెట్టు విలువలు మీ సెట్టు మీద పడతాయి. పవర్ యాంప్లిఫయరు పరిమితి దాటి నడవవచ్చు, ఫ్రీక్వెన్సీ పక్కకు జరగవచ్చు. సర్వీస్ మానిటర్ (రేడియోలను కొలిచి పరీక్షించే పరికరం) లేనివాళ్ళకు ఆ నష్టం కనిపించను కూడా కనిపించదు.

ఇప్పుడు ఛానెల్ సమాచారం. ముందుగా దిక్కు సరిచూసుకోండి. చేతి సెట్టు 430.000 మెగాహెర్ట్‌జ్ మీద పంపి 435.000 మీద వింటుంటే, రిపీటరులో రిసీవ్ 430.000, ట్రాన్స్‌మిట్ 435.000 రాయాలి. చేతి సెట్టు ఫైలు చూసి అలాగే దించేస్తే రెండూ తారుమారవుతాయి. ఈ అంకెలు ఉదాహరణకే. మీకు అనుమతి ఉన్న జతనే వాడాలి, అనుమతి చేతిలో లేనంతవరకు ప్రసారం డమ్మీ లోడ్ దాటకూడదు.

ఛానెల్ వెడల్పు 25 కిలోహెర్ట్‌జ్ అయితే డీవియేషన్ ±5, 12.5 అయితే ±2.5 కిలోహెర్ట్‌జ్ వరకు. రిపీటరు ఒకటి, చేతి సెట్లు మరొకటి అయితే గొంతు పీలగా వినిపిస్తుంది లేదా గరగరమంటూ తెగిపోతుంది. సీటీసీఎస్ఎస్ టోన్ (గొంతుతో పాటు వెళ్తూ, ఇది మనవాళ్ళ సంకేతమేనని రిపీటరుకు గుర్తు చెప్పే సన్నని స్వరం) మామూలుగా 67.0 నుంచి 254.1 హెర్ట్‌జ్ మధ్య ఉంటుంది, వినే వైపు, పంపే వైపు విడివిడిగా పెట్టుకోవచ్చు. మొదటి పరీక్షకు టోన్ ఏమీ పెట్టకండి, సమస్య వస్తే వెతకాల్సింది ఒకటి తగ్గుతుంది. అయితే యాంటెన్నాకు కలిపే ముందు వినే వైపు టోన్ తప్పనిసరిగా పెట్టండి, లేకపోతే ఎక్కడి రొద పడినా సెట్టు ప్రసారం మొదలుపెడుతుంది. డీసీఎస్ (అదే పనికి స్వరం బదులు అంకెల కోడు పంపే పద్ధతి) వాడేవాళ్ళు గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. 023 కోడును తలకిందులు చేస్తే అది 047 అవుతుంది. కోడు సరిగానే ఉన్నా రిపీటరు తెరుచుకోకపోతే ఈ తలకిందుల మీటను మార్చి చూడండి. టైమౌట్ 3 నిమిషాలు పెడితే సరిపోతుంది. ఎవరి చేతి సెట్టు మీటైనా సోఫాలో ఇరుక్కుంటే రిపీటరు గంటల తరబడి కాలిపోకుండా అదే కాపాడుతుంది.

ప్యానెల్ లేని సెట్టులో ప్రత్యేకంగా చూడాల్సినవి ఇక్కడే మొదలవుతాయి. ప్రోగ్రాం అంతా సరిగా ఎక్కినా ఒక్కోసారి రిపీటరు రిపీట్ చేయదు. వింటుంది, వెనక పిన్ను మీద సంకేతం అందిందని చూపుతుంది, కానీ పంపదు. కారణం, చాలా ప్యానెళ్ళ మీద రిపీట్‌ను ఆపే ఒక మీట ఉంటుంది. సెట్టును చివరిసారి ఎవరో సర్వీసుకు ఆపి ఉంటే ఆ స్థితి మెమరీలో మిగిలిపోతుంది. లేదా ఆ మీట తీగ ఇప్పుడు గాలిలో ఉండి, సెట్టు దాన్ని ఆపు అని చదువుకుంటోంది. సాఫ్ట్‌వేర్‌లో కరెంటు వచ్చినప్పుడు ఏ స్థితిలో లేవాలి అనే అమరిక ఉంటే రిపీటర్ అని పెట్టండి, బేస్ (విన్నదాన్ని తిరిగి పంపని మామూలు స్టేషను) అని ఉంచకండి. అమరిక లేకపోతే ఆ తీగను రెసిస్టరుతో సరైన వైపు కట్టాలి. మానిటర్ మీట తీగ విషయంలో దీనికి వ్యతిరేకం జరుగుతుంది. అది ఆన్ వైపు పడితే స్క్వెల్చ్ ఎప్పుడూ తెరిచే ఉండి, ప్రసారం ఆగదు. కరెంటు ఇచ్చిన వెంటనే డమ్మీ లోడ్ దగ్గర పవర్ మీటరు ముల్లు లేస్తే మొదట అనుమానించాల్సింది ఇదే.

ఛానెల్ ఎంపిక కూడా ఇంతే. ప్యానెల్ లేకుండా సెట్టు ఏ ఛానెల్ మీద లేస్తుందో తెలియదు. తలనొప్పి లేని దారి, ఒకే ఛానెల్ ఉంచి మిగతావన్నీ తొలగించడం. లేదా ఉన్న అన్ని ఛానెళ్ళలో ఒకే సమాచారం రాయడం. వెనక కనెక్టర్ మీద ఛానెల్‌ను ఎంచుకునే పిన్నులుంటే వాటిని బైనరీ పద్ధతిలో గ్రౌండుకు కట్టవచ్చు.

గొంతు వచ్చే దారి మీద కూడా ఒక కన్ను వేయండి. కొన్ని సెట్లలో స్పీకరుకు వెళ్ళే ఆడియో ప్యానెల్ మీది వాల్యూం నాబ్ గుండా తిరిగి వస్తుంది. రిపీట్ ఆడియో మామూలుగా ఆ దారిలో ఉండదు కాబట్టి స్పీకరు మూగబోయినంత మాత్రాన రిపీటరు చెడిపోయినట్టు కాదు. ప్రసారమయ్యే క్యారియర్ (గొంతును మోసే రేడియో తరంగం) బాగుండి, గొంతు మాత్రం అసలు లేకపోతే ఆడియో జంపర్లు (బోర్డు మీద దారులను కలిపే చిన్న క్లిప్పులు) చూడండి. వెనక కనెక్టర్‌కు బయటి కంట్రోలర్ తగిలించి వాడిన సెట్లలో లోపలి ఆడియో దారిని కావాలనే తెంచి ఉంచుతారు.

సెట్టు లేస్తున్నా కంప్యూటర్‌కు ఎంతకూ జవాబు చెప్పకపోతే, మెమరీ చిప్పును నేరుగా చదవడమే మిగిలింది. ఎనిమిది కాళ్ళ చిప్పుకు క్లిప్ బిగించి ప్రోగ్రామరుతో చదవవచ్చు. కానీ అలా బిగిస్తే చిప్పుకు ఇచ్చే కరెంటు బోర్డు మొత్తానికి పాకి, ప్రాసెసర్ సగం లేచి డేటాను పాడు చేయవచ్చు. చిప్పును ఊడదీసి చదవడం నయం. రెండు సార్లు చదివి రెండు ఫైళ్ళూ అచ్చుగుద్దినట్టు ఒకటిగా ఉంటేనే నమ్మండి. చౌక ప్రోగ్రామర్లలో కొన్ని 3.3 వోల్టుల చిప్పుకు కూడా డేటా తీగల మీద 5 వోల్టులు పంపుతాయి, కొలిచి చూసుకోండి. ఆ ఫైలును హెక్స్ ఎడిటర్‌లో తెరిచి ఫ్రీక్వెన్సీలు చేత్తో మార్చడం సాధ్యమే. కానీ చాలావాటిలో ఒక చెక్‌సమ్ (డేటా చెడలేదని సరిచూసే అంకె) ఉంటుంది, అది కలవకపోతే సెట్టు మొత్తాన్ని తిరస్కరిస్తుంది. నా దృష్టిలో ఈ పద్ధతి దాచిపెట్టుకోవడానికీ, చెడిన చిప్పు స్థానంలో కొత్తది వేయడానికీ పనికొస్తుంది, రోజువారీ ప్రోగ్రామింగ్‌కు కాదు. పాస్‌వర్డ్ పెట్టి ఉన్న సెట్టు అయితే అమ్మినవారిని అడగండి. వాళ్ళు చెప్పలేకపోతే ఆ సెట్టు వాళ్ళ చేతికి ఎలా వచ్చిందో కూడా ఆలోచించాల్సిందే.

ఇక మెదడు నిజంగానే ప్యానెల్‌తో పాటు పోయిందనుకోండి. రిసీవరు, ఎక్సైటరు (ప్రసార సంకేతాన్ని పుట్టించే భాగం), పవర్ యాంప్లిఫయరు బాగుంటే పెట్టెను చెత్తలో వేయాల్సిన పని లేదు. పాత సింథసైజర్ సెట్లలో (ఒకే ఆసిలేటర్ ఆధారంగా కావలసిన ఫ్రీక్వెన్సీని తయారు చేసుకునేవాటిలో) ఫ్రీక్వెన్సీని నిర్ణయించే పీఎల్ఎల్ చిప్పుకు ప్రాసెసర్ మూడు తీగల మీద, అంటే క్లాక్, డేటా, ఎనేబుల్ మీద, కొన్ని అంకెలు పంపుతుంది. ఎంసీ145158 ఈ తరహా చిప్పే. ఆ అంకెలను చిన్న మైక్రోకంట్రోలర్ నుంచి మీరే పంపవచ్చు. లెక్క పెద్ద కష్టం కాదు. రిఫరెన్స్ ఆసిలేటర్ 12.8 మెగాహెర్ట్‌జ్ అనుకుందాం, దాన్ని 1024 తో భాగిస్తే 12.5 కిలోహెర్ట్‌జ్ మెట్టు వస్తుంది. 435.000 మెగాహెర్ట్‌జ్ కావాలంటే 34800 మెట్లు. ముందున్న ప్రీస్కేలర్ (చిప్పు లెక్కపెట్టగలిగేలా ఫ్రీక్వెన్సీని భాగించి తగ్గించేది) 64/65 రకమైతే 34800 ను 64 తో భాగించాలి, భాగఫలం 543, శేషం 48. మొదటిది ఎన్ కౌంటరుకు, రెండోది ఎ కౌంటరుకు. రిసీవరు వైపు వినే ఫ్రీక్వెన్సీని కాకుండా లోకల్ ఆసిలేటర్‌ను లెక్కించాలి. మొదటి ఐఎఫ్ (విన్న సంకేతాన్ని రిసీవరు లోపల మార్చుకునే మధ్యస్థ ఫ్రీక్వెన్సీ) 21.4 మెగాహెర్ట్‌జ్, ఆసిలేటర్ కింద వైపు ఉంటే 430.000 వినడానికి 408.600 కావాలి, అంటే 32688 మెట్లు. ఐఎఫ్ ఎంతో, ఆసిలేటర్ పైనో కిందో మాన్యువల్‌లోని బ్లాక్ చిత్రం చెబుతుంది.

ఈ దారిలో వెళ్తే ఒక్క విషయంలో రాజీ పడకండి. పీఎల్ఎల్ తాళం పడిందని, అంటే అడిగిన ఫ్రీక్వెన్సీ మీద నిలబడిందని, చెప్పే లాక్ డిటెక్ట్ తీగను మీ మైక్రోకంట్రోలర్ చదవాలి, తాళం పడనంతవరకు ట్రాన్స్‌మిటర్‌ను లేవనివ్వకూడదు. అది లేకుండా కట్టిన సెట్టు ఎప్పుడో ఒకరోజు మీది కాని ఫ్రీక్వెన్సీల మీద 50 వాట్లతో ఊరేగుతుంది.

తాళం గురించే ఇంకొంచెం. యూహెచ్ఎఫ్ అనే మాట చాలా వెడల్పైనది. తయారీదారులు దాన్ని 400–430, 440–470 వంటి ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కకు వేరే వీసీఓ (ఫ్రీక్వెన్సీని పుట్టించే ఆసిలేటర్), వేరే ఫిల్టర్లు పెడతారు. మీ సెట్టు ముక్క బయట ఫ్రీక్వెన్సీ రాస్తే సాఫ్ట్‌వేర్ ఒప్పుకోకపోవచ్చు. ఒప్పుకున్నా వీసీఓ అంత దూరం చేరలేకపోవచ్చు. చేరినా రిసీవరు ముందున్న హెలికల్ ఫిల్టర్లు ఆ సంకేతాన్ని మింగేసి సెట్టును చెవిటిదాన్ని చేస్తాయి. కొద్దిగా పక్కకు జరపాలంటే ట్యూన్ చేయవచ్చు. 20 మెగాహెర్ట్‌జ్ దూరం లాగాలంటే అది మీకు తగిన సెట్టు కాదు.

ప్రోగ్రాం మారిస్తే డ్యూప్లెక్సరు (ఒకే యాంటెన్నాతో వినడం, పంపడం ఒకేసారి సాగేలా రెండింటినీ వేరుచేసే ఫిల్టరు) మారదు. దాని మెరిసే కావిటీలు (లోహపు ఫిల్టరు డబ్బాలు) పాత ఫ్రీక్వెన్సీల దగ్గరే ఉంటాయి. కొత్త ఫ్రీక్వెన్సీ మీద ప్రసారం చేస్తే పవర్ యాంటెన్నాకు వెళ్ళకుండా వెనక్కి తిరిగి, రక్షణ సర్క్యూటు బలహీనంగా ఉన్న యాంప్లిఫయరును కాల్చేస్తుంది. 50 వాట్లంటే +47 డీబీఎం (1 మిల్లీవాటుతో పోల్చి డెసిబెల్స్‌లో చెప్పే కొలత). డ్యూప్లెక్సరు 80 డెసిబెల్స్ ఆపినా రిసీవరు ముఖాన మైనస్ 33 డీబీఎం పడుతుంది. మంచి రిసీవరు వినగలిగే బలహీన సంకేతం, అంటే 0.35 మైక్రోవోల్టు, మైనస్ 116 డీబీఎం దగ్గర ఉంటుంది. ఈ రెండింటి మధ్య ఎంత దూరముందో చూస్తే ట్యూనింగ్ కొద్దిగా తప్పినా రిపీటరు ఎందుకు చెవిటిదవుతుందో తెలుస్తుంది. నానోవీఎన్ఏ లాంటి చిన్న పరికరంతో నాచ్ (ఫిల్టరు ఆపే ఫ్రీక్వెన్సీ దగ్గర పడే గుంట) ఎక్కడ పడుతోందో చూసుకుని సుమారుగా తేవచ్చు, కానీ నాచ్ అడుగుదాకా అది చూడలేదు. చివరి సవరింపు సిగ్నల్ జనరేటరుతో, మంచి అనలైజరుతోనే చేయించండి.

డ్యూప్లెక్సరు కుదిరాక ఒక పరీక్ష తప్పకుండా చేయాలి. యాంటెన్నా వైపు డమ్మీ లోడ్ ఉంచి, కప్లర్ (సంకేతాన్ని కొద్దిగా మాత్రమే లోపలికి చేర్చే భాగం) ద్వారా కేవలం వినిపించేంత బలహీన సంకేతాన్ని లోపలికి పంపండి. ముందు ట్రాన్స్‌మిటర్ ఆపి వినండి, తర్వాత ఆన్ చేసి వినండి. రొద పెరిగితే ట్రాన్స్‌మిటర్ తన రిసీవరునే మూసేస్తోంది. ప్రోగ్రాంలో ఎంత వెతికినా దీనికి మందు దొరకదు. డ్యూప్లెక్సరు, కేబుళ్ళు, వదులైన కనెక్టర్లు, ఈ వరసలో చూడాలి.

ఇక్కడినుంచి ముందుకు సాగాలంటే మీ దగ్గర నుంచి నాలుగు సంగతులు కావాలి. వెనక లేబుల్ మీది పూర్తి మోడల్ అంకె, రిబ్బన్ కనెక్టర్ పిన్నుల సంఖ్య, కరెంటు ఇచ్చినప్పుడు ప్రతి పిన్ను మీది వోల్టేజి, ప్రధాన బోర్డు ప్రాసెసర్ దగ్గరి ఫొటో ఒకటి. అవి పంపితే ఆన్ తీగ ఏదో, డేటా తీగలు ఏవో చాలావరకు చూడగానే చెప్పవచ్చు. అప్పటిదాకా డమ్మీ లోడ్ తీయకండి.